మా కథ ఎవరు చెప్పాలి?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ ఊళ్ళ నడుమ పెరిగినవాళ్ళం మేం. సాయుధపోరాటం మాకు పుస్తకంలో పాఠం కాదు, ఇంట్లో ముసలోళ్ళ ముచ్చట. కానీ ఆ ముచ్చట ఎత్తితే చాలు, పక్కనున్న దోస్తు ఓరకంట చూస్తాడు. 'రజాకార్లు మీవాళ్ళే గదా' అంటాడు. దేశ్‌ముఖ్‌ని ఎదిరించి ప్రాణమిచ్చిన కామారెడ్డిగూడెం షేక్ బందగీ మాత్రం అందరివాడు. కాసిం రజ్వీ ఒక్కడే మావాడు. ఇదేం పంపకం?

ఆ పోరాటాన్ని 'మాభూమి'గా తెరకెక్కించినవాడు తెలంగాణవాడు కాదు, తెలుగువాడే కాదు. 1950లో కలకత్తాలో పుట్టిన గౌతం ఘోష్. బి. నర్సింగరావు నిర్మాణంలో 1980లో వచ్చిన ఆ సినిమా ఆయన మొదటి కథాచిత్రం. దానికి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. రజాకార్ల భాషని ముద్రేసిన ఉర్దూలోనే తెలంగాణ రైతు కథ పుట్టింది! పట్నం చేరిన రామయ్యకు కళ్ళు తెరిపించేది కూడా మక్బూల్ అనే కార్మిక నాయకుడే.

మా కథ మేమే చెప్పుకోవాలంటున్న మేం ఈ సినిమాను కాదనగలమా? లేం. ఘోష్ ఆ తర్వాత చేసిన పని చూడండి. 'పార్' (1984)లో బీహార్ దళితుడిగా నసీరుద్దీన్ షా జీవించాడు. భారత్, బంగ్లాదేశ్‌లు కలిసి తీసిన 'పద్మా నదీర్ మాఝీ' (1993)లో హిందూ జాలరి కుబేరుడి వేషం బంగ్లాదేశ్ నటుడు రైసుల్ ఇస్లాం అసద్‌ది. హుస్సేన్ మియా వేషం ఉత్పల్ దత్‌ది. ఒకరి బాధ ఇంకొకరి ఒంట్లోకి రాదనడానికి మాకు నోరెట్లా వస్తుంది?

అయినా ఒక వెలితి మిగిలింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్యలోనూ ఆ తర్వాతా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. చచ్చినవాళ్ళలో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదికను దశాబ్దాలు తొక్కిపెట్టారు. నిజాం మేడ ఎక్కని దూదేకులోళ్ళు, జట్కా తోలేవాళ్ళు కూడా నిజాం లెక్కలోనే పోయారు. 'మాభూమి'లో సైన్యం రైతు మీదికి రావడం ఉంది. మా గడపల్లోకి వచ్చిన చావు లేదు.

ఇది ఘోష్ తప్పా? కాదంటాం. ఆయన రైతు కథ చెప్ప వచ్చాడు, నిజాయితీగా చెప్పాడు. ఏ సినిమా అయినా అందరి గోడూ మోయలేదు. తప్పు ఎక్కడుందంటే, ఆ ఒక్క కథతో తెలంగాణ కథ అయిపోయిందనుకోవడంలో ఉంది. ఆ తప్పులో మా వాటా కూడా ఉంది. మా ముసలోళ్ళు భయంతో నోరు కట్టుకున్నారు. మేం సిగ్గుతో అడగలేదు.

పరాయివాడు మా కథ చెప్పొద్దనం. చెప్పేముందు మా వాకిట్లో కూర్చుని వినమంటాం. రజాకార్ల దౌర్జన్యాన్ని మేం దాచం. మా శవాల్ని మీరు దాచొద్దు. రెండూ ఒకే నోటితో చెప్పగలిగినవాడు ఏ ఊరివాడైనా, ఏ మతంవాడైనా మావాడే. అటువంటివాడు వచ్చేదాకా మాత్రం మేం ఊరుకోం. ముందు మా ఇంటి ముసలోళ్ళ దగ్గర కూర్చుంటాం.