లెక్కలోకి రాని నలుగురు

ఏలూరు శివార్లలో ఒక చిన్న షెడ్డు. స్టీలు బీరువాలకు, కొల్లేరు చేపల చెరువుల్లో వాడే ఏరేటర్ల చట్రాలకు, అప్పుడప్పుడు తాడేపల్లిగూడెం నుంచి వచ్చే లారీ బాడీలకు అక్కడ స్ప్రే పెయింటు వేస్తారు. యజమాని నమాజు తప్పని మనిషి. ఏటా లెక్క చూసుకుని మరీ జకాత్ తీస్తాడు. ఒకరోజు ఆయన మమ్మల్ని ఇలా అడిగాడు: “మా దగ్గర పనిచేసేది నలుగురే. మాది ఫ్యాక్టరీ కిందికి రాదంటున్నారు. ఇన్నేళ్ళలో అల్లాహ్ దయవల్ల ఏమీ జరగలేదు. మంటలార్పే సిలిండర్లు, ఫ్యాన్లు, రెండో తలుపు పెట్టకపోతే చట్టం సంగతి అలా ఉంచండి, అల్లాహ్ దగ్గర అది పాపమవుతుందా?”

ఇది ఒక్కరి ప్రశ్న కాదు. చిన్న వ్యాపారం చేసుకునే మన సోదరులు చాలామంది మనసులో దాచుకున్న ప్రశ్న. అందుకే కాస్త వివరంగా ఆలోచిద్దాం.

ముందుగా ఆ షెడ్డులో ఏముందో తెలుసుకోవాలి. పెయింటులో కలిపే థిన్నర్ గాలి తగిలితే ఆవిరవుతుంది. థిన్నర్లలో ఎక్కువగా వాడే టోలుయీన్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పు అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. ఇక 40 డిగ్రీలు దాటే మన వేసవి సంగతి వేరే చెప్పాలా? ఆ ఆవిరి గాలికన్నా బరువైనది. పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతుంది. ఎక్కడో మూలనున్న స్విచ్చులోని చిన్న మెరుపు దాన్ని అంటించగలదు. అంటుకున్న మంట పాకిన దారినే వెనక్కి డబ్బా దాకా వస్తుంది. గోడలమీద పేరుకున్న ఎండు పెయింటు పొడి మంటకు మేత. థిన్నర్ మంటమీద నీళ్ళు చల్లితే థిన్నర్ నీళ్ళపై తేలి మంట ఇంకా పరచుకుంటుంది. దానికి నురుగు గానీ, పొడి గానీ చల్లే సిలిండరు కావాలి.

ఈ విషయాలు తెలియనివాడి స్థితి వేరు, తెలిసినవాడి స్థితి వేరు. అయితే తెలుసుకోకపోవడం కూడా సాకు కాదు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (స) తీర్పు చెప్పారు. ప్రాణాపాయమున్న పని చేపట్టినవారందరికీ అందులో పాఠముంది.

ఇక చట్టం సంగతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట పదిమంది పనివారుంటే దాన్ని ఫ్యాక్టరీగా లెక్కించేది. దాని 38వ సెక్షన్ అగ్నిప్రమాదం నుంచి తప్పించుకునే దారులు ఉంచాలని యజమానిని ఆదేశించింది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్ అమలులోకి వచ్చి ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. మన సోదరుడి నలుగురు ఆ లెక్కలోకి రాకపోవచ్చు. పురపాలక సంఘం ట్రేడ్ లైసెన్సు, 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం వంటివి మాత్రం వేరే ఉన్నాయి. వాటిని విచారించి పాటించవలసిందే.

అయితే అసలు ప్రశ్న ఇది: పదిమందిలో ఒకడైతే విలువ ఉన్న ప్రాణం, నలుగురిలో ఒకడైతే విలువ కోల్పోతుందా? ప్రభుత్వం ఎక్కడో ఒకచోట గీత గీయాలి, ఎందుకంటే దానికున్న తనిఖీ అధికారులు కొద్దిమందే. ఆ గీత అధికారుల శక్తికి కొలత, మన బాధ్యతకు కొలత కాదు. ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు యావత్ మానవాళిని కాపాడినవానితో సమానమని దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరాలో బోధిస్తోంది. అక్కడ ఒకటే లెక్క. అది ‘ఒక్కరు’ దగ్గరే మొదలవుతుంది.

“అల్లాహ్ మీద భారం వేశాం” అనే మాటను కూడా పరిశీలిద్దాం. ఒంటెను వదిలేసి దైవంపై భరోసా ఉంచాలా అని అడిగిన వ్యక్తితో దైవప్రవక్త (స) ముందు దాన్ని కట్టమని, ఆపై భరోసా ఉంచమని ఉపదేశించారు. ప్లేగు వ్యాపించిన సిరియాలోకి వెళ్ళకుండా వెనుదిరిగిన హజ్రత్ ఉమర్ (రజి) తాను ఒక దైవనిర్ణయం నుంచి మరో దైవనిర్ణయం వైపే వెళుతున్నానని సమాధానమిచ్చారు. జాగ్రత్త కూడా విధివ్రాతలో భాగమే. ఇన్నేళ్ళు ఏమీ జరగకపోవడం అల్లాహ్ ఇచ్చిన గడువు. గడువును అనుమతిపత్రం అనుకోవడం మన పొరపాటు.

నిప్పు విషయంలో ప్రవక్త (స) బోధన మరీ స్పష్టంగా ఉంది. మదీనాలో ఒక రాత్రి ఓ ఇల్లు ఇంట్లోవారితో సహా కాలిపోయింది. ఆ వార్త విని ఆయన నిప్పు మనకు శత్రువని, నిద్రపోయే ముందు దాన్ని ఆర్పివేయాలని ఆదేశించారు. ఎలుక దీపపు వత్తిని లాక్కెళ్ళి ఇంటిని తగలబెట్టగలదని మరో సందర్భంలో హెచ్చరించారు. అంటే, నిప్పు ఎలా అంటుకుంటుందో కారణం చూపి మరీ చెప్పారు. ఆనాటి ఎలుక, వత్తి స్థానంలో నేడు అతుకుల వైరు, మూతలేని థిన్నర్ డబ్బా ఉన్నాయి.

మన కళ్ళముందు జరిగినవే చూడండి. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము పైభాగంలో నిద్రిస్తున్న 11 మంది బీహార్ కూలీలు మంటల్లో మరణించారు. అదే ఏడాది ఏప్రిల్ 13 రాత్రి, అప్పుడే ఏర్పడిన ఏలూరు జిల్లాలోని అక్కిరెడ్డిగూడెంలో రసాయన కర్మాగారంలో ప్రమాదం జరిగి ఆరుగురు చనిపోయారు. వారిలోనూ బీహార్ వలస కార్మికులున్నారు. 2023 నవంబరు 13న హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు అంటుకుని తొమ్మిదిమంది మరణించారు. బోయిగూడ వారు పనిచోటే పడుకున్నవారు. నాంపల్లి వారికి ఆ డ్రమ్ములతో ఏ లావాదేవీ లేదు. వారు కేవలం పై అంతస్తుల్లో కాపురమున్నవారు.

కొందరంటారు: “పనివాళ్ళకు అన్నీ తెలుసు, ఇష్టపడే వచ్చారు.” ఇంటి దగ్గర పిల్లలు పస్తులున్నవాడి ఇష్టం ఎంతవరకు ఇష్టం? పైగా పక్కింటివారిని ఎవరడిగారు? ఓడ కింది అంతస్తువారు తమ భాగంలోనే కదా అని రంధ్రం చేయబోతే, పైవారు ఆపకుంటే అందరూ మునిగిపోతారని ప్రవక్త (స) ఉపమానం చెప్పారు. కొల్లేటిలో దోనె ఎక్కినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. నా వైపే చిల్లు పెట్టుకుంటున్నానంటే పక్కన కూర్చున్నవాడు ఊరుకుంటాడా?

మరి డబ్బు సంగతో? ఇది న్యాయమైన మాటే. అల్లాహ్ ఎవరిమీదా శక్తికి మించిన భారం మోపడు. కానీ శక్తికి లోబడినదేదో ముందు నిజాయితీగా చూసుకోవాలి. డబ్బాకు మూత పెట్టడం, ఆరోజుకు కావలసిన థిన్నర్ మాత్రమే లోపలుంచడం, వెనుక తలుపు తాళం తీయడం, తడిసిన గుడ్డల్ని మూతున్న ఇనుప డబ్బాలో వేసి రోజూ బయటికి చేర్చడం, దగ్గరలో వెల్డింగూ బీడీ లేకుండా చూడడం, పనివాళ్ళను అక్కడ పడుకోనివ్వకపోవడం... వీటికి ఖర్చు దాదాపు లేదు. తర్వాత నిప్పురవ్వ బయటికి రాని రకం ఫ్యాను, లైట్లు, కంప్రెసరు బయటికి మార్చడం, గన్‌కూ ఇనుప వస్తువుకూ ఎర్తింగ్, సిలిండర్లు. అన్నీ ఒక్కనాడు కాకపోతే వరుసగా చేసుకోవాలి. అంతవరకు పనిని తగ్గించుకోవాలి. తనిఖీ రోజుకు సిలిండరు అద్దెకు తెచ్చి గోడకు తగిలించేవాడు మాత్రం ఖర్చును కాదు, నిజాన్ని ఎగ్గొడుతున్నాడు. అది అబద్ధపు సాక్ష్యం.

బేరమాడే మనమూ ఇందులో భాగస్వాములమే. బీరువా ధరలో చివరి రూపాయి దాకా పిండినప్పుడు అది ఎవరి ఊపిరిలోంచి వస్తోందో ఒక్కసారి ఆలోచించాలి.

కాబట్టి ఆ సోదరునికి మేమిచ్చిన సమాధానం ఇది. తెలిసి, చేయగలిగి కూడా చేయకపోతే అది అమానత్‌లో ద్రోహం. చేయగలిగినదంతా చేశాక కూడా ఆపద వస్తే అది పరీక్ష. ఆ రెండింటి మధ్య తేడా మంటలు లేచిన రోజున తేలదు. ఏమీ జరగని మామూలు రోజుల్లోనే తేలుతుంది.

ఆయన కాసేపు మౌనంగా ఉండి, వెనుక తలుపు తాళంచెవి ఎక్కడుందని పనివాణ్ణి అడిగాడు. అది ఎవరి దగ్గరుందో ఆ నలుగురిలో ఒక్కరికీ తెలియదు. ఆ సాయంత్రం తాళం పగలగొట్టించాడు.

పాఠకులారా! మీ దుకాణంలో, గోదాములో, ఇంట్లో అలాంటి తాళం ఏదైనా ఉందేమో ఈరోజే చూడండి. అల్లాహ్ మనందరినీ ఇహలోకపు అగ్ని నుంచీ పరలోకపు అగ్ని నుంచీ కాపాడుగాక! ఆమీన్.