చవక తుపాకీ

రైఫిల్ కొనదలచుకున్నవాడు జేబుకు తగినదేదో చూసుకుని కొనుక్కుంటాడు, ఇందులో ధర్మాధర్మాల ప్రసక్తి ఎక్కడిదని పాఠకులు అనుకోవచ్చు. ఇంగ్లండులోనో స్కాట్లండులోనో అయితే ఇది సాదా ప్రశ్నే. ఆదివారాలు గురి పోటీకీ, వేట రుతువు వచ్చినప్పుడు దుప్పికీ రెంటికీ పనికొచ్చే తుపాకీ ఒక్కటి, అదీ మామూలు సంపాదనపరుడికి అందే ధరలో ఏదయ్యా అని అక్కడివాళ్ళు దుకాణంలో అడుగుతారు. మా వర్లిలో ఈ ప్రశ్న రెండు ముక్కలై వచ్చింది. ఒక ముక్క పద్నాలుగేళ్ళ పిల్లది. రెండోది ఆ పిల్ల తాతది. ఇద్దరూ ఉండేది బి.డి.డి. చాళ్ళలో, నూట అరవై చదరపుటడుగుల ఒకే ఖోలీలో.

వర్లి అనగానే మనవాళ్ళకు మిల్లు భోంగా, పద్మశాలి సంఘాలు, బతుకమ్మ గుర్తొస్తాయి. అదే వర్లిలో మహారాష్ట్ర రైఫిల్ అసోసియేషన్ వారి రేంజ్ ఉందన్న సంగతి చాలామందికి పట్టదు. అంజలి భగవత్, సుమా శిరూర్ వంటి వాళ్ళు ఆ అసోసియేషన్‌లో నేర్చుకుని దేశానికి పేరు తెచ్చారు. అయినా అది మన లోకం కాదనుకున్నాం. తుపాకీ అంటే మనకున్న జ్ఞాపకాలు వేరు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడి పట్టుకుపోయింది తుపాకులనే. తెలంగాణ సాయుధ పోరాటం కథలు వింటూ పెరిగిన ముసలివాళ్ళు కామాటిపురలో నిన్నమొన్నటి దాకా ఉన్నారు. తుపాకీని పోరాడేవాడి చేతిలోనో, దొర భుజం మీదనో చూశాం గాని, స్కూలు సంచీ పక్కన ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు మా మేనకోడలికి కావలసింది అదే. బడిలో ఎన్.సి.సి. పుణ్యమా అని తుపాకీ పట్టింది, చెయ్యి కుదిరింది, క్లబ్బు తుపాకీతో ఏడాదిగా సాధన చేస్తోంది. సాయంత్రం చాలీ వరండాలో ఆ చివర గోడకు కాగితం అంటించి, ఊరికే నిలబడి, చెయ్యి కదలకుండా గురి చూస్తూ ఉంటుంది. చేతిలో తుపాకీ ఉండదు, దాని బరువుకు కట్టిన కర్ర ఉంటుంది. నీళ్ళ బిందెలతో వెళ్ళే ఆడవాళ్ళు తప్పుకుని పోతారు.

ఆమె ఆడే ఆట పది మీటర్ల ఎయిర్ రైఫిల్. లక్ష్యంలో పది పాయింట్ల గుర్తు అర మిల్లీమీటరు చుక్క, అంటే సూది గుచ్చిన మచ్చ. గుండు 4.5 మిల్లీమీటర్లు. ఆ చుక్కను అరవై సార్లు కొట్టాలి. దీనికి తుపాకీ ఎంత బలంగా కొడుతుందన్నది లెక్కే కాదు. కొట్టిన చోటే మళ్ళీ కొట్టాలి, ట్రిగ్గరు ప్రతిసారీ ఒకే ఒత్తిడికి లొంగాలి, చెంప ఆనే చెక్క ముఖానికి సరిపోవాలి, ఎదిగే పిల్ల గనక రేపు పెంచుకునే వీలుండాలి. జర్మనీ నుంచి వచ్చే ఫైన్‌వెర్క్‌బౌ, వాల్తర్ వంటివి కొత్తవైతే రెండు లక్షలు దాటతాయి. మనదేశంలో చేసినవి అందులో చిన్న వంతుకే దొరుకుతాయి, నేర్చుకునే దశకు నిక్షేపంలా పనిచేస్తాయి. పాతది కొంటే గాలి సిలిండరు మీద ముద్రించిన తేదీ చూసుకోవాలి. దాని గడువు పదేళ్ళు. గడువు తీరిన సిలిండరుతో పోటీకి రానివ్వరు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 20 జౌళ్ళ శక్తి, 4.5 మిల్లీమీటర్ల గొట్టం మించని గాలి తుపాకీకి లైసెన్సు అక్కరలేదు. పిల్ల ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుంది. చదివి వినిపించింది కూడా.

మా మామ అంతా విన్నాడు. ఎనభై దాటిన మనిషి, నలభై ఏళ్ళ కిందటి సమ్మె తర్వాత మళ్ళీ మిల్లు గేటు తొక్కనివాడు. "గిన్ని పైసలు వోసి కొన్న తుపాకి జింకను గూడ పడగొట్టకపోతె, దానికన్న ఒడిసెల నయం గద అల్లుడా" అన్నాడు.

పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అది తెలివైన ప్రశ్న. అరగ్రాము సీసం సెకనుకు నూట డెబ్భై మీటర్ల వేగంతో పోతే దాని శక్తి ఏడెనిమిది జౌళ్ళు. స్కాట్లండులో పెద్ద దుప్పిని కొట్టాలంటే గుండు ఎనభై గ్రెయిన్లు, అంటే సుమారు ఐదు గ్రాములు ఉండాలనీ, గొట్టం దాటేటప్పుడు దాని శక్తి 1,750 అడుగు పౌన్లకు తగ్గకూడదనీ అక్కడి చట్టం. మన లెక్కలో అది 2,370 జౌళ్ళ పైమాటే. రెంటికీ మూడు వందల రెట్లు తేడా. పేరు మాత్రం రెంటికీ రైఫిలే.

ఆ చట్టంలోని ఆలోచన నన్ను ఆపేసింది. మనదగ్గర తుపాకీ చట్టమంటే ఇంత కంటే బలమైనది ఉంచుకోవద్దు అని ఉంటుంది. అక్కడ వేటగాడికి ఇంత కంటే బలహీనమైనది వాడొద్దు అని చెబుతున్నారు. చవకగా దొరికే చిన్న తుపాకీతో దుప్పి చావదని కాదు. గంటకో, రాత్రికో, మూడు రోజులకో చస్తుంది. వేటగాడు ధరలో మిగుల్చుకున్న డబ్బును ఆ జంతువు తన ఒంటితో చెల్లిస్తుంది. అందుకే అక్కడి మనిషి ఒకే తుపాకీతో రెండు పనులూ చేసుకోవాలంటే దుప్పికి చాలినదాన్నే కొనుక్కుని దానితోనే కాగితాన్ని కొట్టుకోవాలి. కాగితానికి చాలినదాన్ని అడవికి తీసుకుపోవడానికి లేదు.

మనకు ఆ బెడద లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు పుచ్చుకుని వేటాడే పద్ధతి కూడా పోయింది. ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వారి .315 తుపాకీ లైసెన్సున్నవాళ్ళకు ఇప్పటికీ దొరుకుతుంది గాని, దానితో జింకను కొడితే జైలే. ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక, తెలంగాణకు చుక్కల జింక రాష్ట్ర జంతువులయ్యాయి. కాబట్టి మామ ప్రశ్న చట్టరీత్యా ముగిసిపోయినట్టే. నాకు మాత్రం ముగియలేదు.

ఎందుకంటే మన పెద్దలు వేటను సప్తవ్యసనాల్లో లెక్కవేసి కూడా వేటలోని నీతిని గురించి చాలా సూక్ష్మంగా ఆలోచించారు. ఆదిపర్వంలో పాండురాజు జింక రూపంలో ఉన్న కిందముణ్ణి కొట్టినప్పుడు ఆ ముని, జింకను చంపినందుకు నిన్ను నిందించను, క్రీడలో ఉన్నదాన్ని, ఆగి ఉండవలసిన వేళలో చంపినందుకు నిందిస్తాను అంటాడు. నేడు పాశ్చాత్యులు వేట మూసేసే నెలలని పాటించేది ఇదే. దశరథుడు చీకట్లో, కడవ మునిగిన బుడబుడ శబ్దానికి బాణం వేశాడు, ఏనుగనుకుని. కంటితో చూడనిదాన్ని కొట్టరాదన్న పాఠం అది. ఈ రెంటికీ స్కాట్లండు చట్టాన్ని మూడోదిగా చేర్చుకున్నాను: చాలని ఆయుధంతో కొట్టరాదు. ఎప్పుడు, దేన్ని, దేనితో అన్న మూడు ప్రశ్నలూ తేలాయని కాస్త సంతోషించాను కూడా.

మామకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మహాదేవ్‌పూర్ అడవి అంచున తన చిన్ననాటి ఊరి సంగతి చెప్పాడు. పొరుగింటాయనకు పంట కావలికని బర్మారు ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డ పెట్టి, సీసపు ముక్కలు వేసి, కడ్డీతో దంచాలి. ఒక్కటే దెబ్బ. తప్పితే మళ్ళీ దంచేసరికి జంతువు కోసు దాటిపోతుంది. ఒక కరువు ఏడు, మామకు పన్నెండో పదమూడో ఏళ్ళప్పుడు, ఆయన వెంట పోయాడు. దుప్పికి పొట్టలో తగిలింది. పడలేదు. లాంతరు పట్టుకుని రాత్రంతా నెత్తుటి చుక్కలు చూసుకుంటూ నడిచారు. తెల్లారగట్ల వాగు ఒడ్డున దొరికింది, ఇంకా ఊపిరితో.

"తిన్నవా మామా?" అని అడిగాను.

"తిన్న. ఆకలైతుండె."

ఆగి, మళ్ళీ ఆయనే అన్నాడు. "దొర గూడ ఆ అడవికే వస్తుండె. సీమ తుపాకి. ఊరోళ్ళను తోలుతుండె జంతువులను ఎల్లగొట్టనీకి. ఒక్క దెబ్బకు కణుజు పడుతుండె. కాలు గూడ కొట్టుకోకపోతుండె. నీ లెక్కల దొర పుణ్యాత్ముడు, మేం పాపాత్ములం. అంతేనా?"

ఈ మాటకు నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు, వెతుక్కోవలసి వచ్చింది. నా మూడు ప్రశ్నల్లో "ఎందుకు" అన్నది లేదు. దానికి చోటివ్వకపోతే నీతి దుకాణంలో అమ్మే వస్తువవుతుంది, డబ్బున్నవాడు దాన్ని కూడా కొనుక్కుంటాడు. దొర కణుజును సరదాకు చంపాడు, వీళ్ళు దుప్పిని కడుపుకు చంపారు. ఆ తేడాను కొట్టిపారేసే ధర్మం నాకు అక్కరలేదు. అయితే దుప్పికి ఆ తేడా తెలియదు గదా. దాని లెక్కలో ఒక్క క్షణపు చావు, ఒక రాత్రి చావు, అంతే. మనిషి వైపు నుంచి చూస్తే బర్మారువాడు నిర్దోషి, జంతువు వైపు నుంచి చూస్తే దొర దయాళువు. ఈ రెండు చూపుల్లో ఏ ఒక్కటీ నిజం మొత్తాన్ని చూడదు. నాకు తోచిందొకటే. ఆ ఇద్దరు పేదవాళ్ళు రాత్రంతా నడిచారు. నడిచింది మాంసం కోసమే కావచ్చు. కాని తాము చేసినదాని వెంట తామే పోయి, కళ్ళారా చూసి, ముగించారు. దొర వెంట ఆ పనికి నౌకర్లుండేవాళ్ళు.

ఇప్పుడు అదే ఊళ్ళో బర్మార్లు లేవు. అడవిపందుల బాధకు మొక్కజొన్న చేల చుట్టూ కరెంటు తీగ పెడుతున్నారని ఊరి నుంచి ఫోన్లలో వింటాం. అన్ని ఆయుధాల్లోకీ చవకైనది అది. పందికని పెట్టిన తీగ దుప్పిని చంపుతుంది, చేలో నడిచే పాలేరును చంపుతుంది, ఒక్కోసారి పెట్టినవాణ్ణే చంపుతుంది. అలాంటి వార్తలు తెలంగాణ పత్రికల్లో ఏటా చదువుతూనే ఉన్నాం. తీగకు వేళ లేదు, కన్ను లేదు, గురి లేదు. పెట్టినవాడు ఇంట్లో పడుకుని ఉంటాడు. పంట పోయి అప్పు మిగిలిన రైతును ముంబైలో కూర్చుని తప్పుపట్టడం నాకు చేతకాదు. కాని చవకదనం మనిషిని తన దెబ్బకు ఎంత దూరం జరపగలదో అక్కడ కనిపిస్తుంది.

ఇక పిల్ల సంగతి. కాగితం మీద గురి తప్పితే ఎవరికీ నెత్తురు రాదు, కాబట్టి అక్కడ చవక తుపాకీ కొనడంలో అధర్మం లేదన్నది నా మొదటి ఆలోచన. నష్టం కాల్చినవాడిదే. మామ ఒకనాడు మనవరాలి వెంట పోయి, కాల్చడం చూసి, "తప్పితె ఏమైతది బిడ్డా?" అని అడిగాడట. "తొమ్మిదైతది తాతా" అందట ఆ పిల్ల. ఆయనకు ఆ మాట ఎంతో నచ్చింది, చాలీ అంతా చెప్పుకున్నాడు.

కాని ఖరీదైన తుపాకీ మాటేమిటి? హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్‌కు 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం వచ్చినప్పుడు, కొడుక్కి మంచి రైఫిల్ కొనడానికి తండ్రి ఇంటిస్థలం అమ్మేశాడని పత్రికలన్నీ రాశాయి. 2024లో పారిస్‌లో కంచు తెచ్చిన కొల్హాపూర్ వైపు స్వప్నిల్ కుసాలే అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టరు. ఇవి చదివి మన ఇళ్ళలో ఆశలు పుడతాయి. పుట్టాలి కూడా. అయితే స్థలం అమ్మి ఏ పతకమూ రాని తండ్రుల గురించి ఎవరూ రాయరు. మేనకోడలి తల్లి దగ్గరున్నది చిట్టీ డబ్బు. దాని మీద కొడుకు కాలేజీ ఫీజు ఆశ పెట్టుకుని ఉంది, 2025 ఆగస్టు నుంచి కొందరికి తాళాలు చేతికొస్తున్న కొత్త అంతస్తుల్లోకి రేపు తామూ వెళ్తే కట్టవలసిన నెలసరి మెయింటెనెన్సు కూడా. జర్మన్ తుపాకీ కొంటే దాని ధరలో సగం పన్నెండో తరగతి చదివే ఆ కుర్రాడు చెల్లిస్తాడు, అతణ్ణి అడగకుండానే. అడవిలో దుప్పి చెల్లించినట్టే అనడం అతిశయోక్తి అవుతుంది. కాని తాను చూడని లక్ష్యానికి దెబ్బ తగలడం మాత్రం ఉంది.

"అన్నా, నువ్వే చెప్పు, తీసుకోమంటవా వద్దంటవా" అని ఆ తల్లి నన్ను అడిగింది. నేను ముందు కుర్రాణ్ణి అడగమన్నాను. అడిగారు. "ఫీజు వరకు పక్కన పెట్టి మిగిలిందాంట్ల ఏదొస్తే అది కొనుండ్రి" అన్నాడు. పిల్ల మొహం కాసేపు చిన్నబోయింది. తర్వాత నోటుబుక్కు తెరిచి లెక్క వేసింది. ముందు జాకెట్టూ బూట్లూ, అవి ఒంటి కొలతకు కుట్టించుకునేవి గనక అరువు పనికిరావు. ఇంకో ఏడాది క్లబ్బు తుపాకీ. ఆ తర్వాత మనదేశంలో చేసినదే, పాతదైనా సరే.

దీపావళి సెలవుల్లో పూనాలో ఒక సీనియర్ అమ్మాయి తన తుపాకీ అమ్ముతోందని కబురొచ్చింది. సిలిండరు గడువు ఇంకా నాలుగేళ్ళుంది. చూసి రావడానికి తాతా మనవరాలూ కలిసి ఇంద్రాయణి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్నారు.