వెనుక పలక విప్పినప్పుడు

సికింద్రాబాదునకు ఈశాన్యమున నున్న సైనిక్‌పురి తన పుట్టుకను తన పేరులోనే చెప్పుకొనుచున్నది. సైన్యములో కొలువు ముగించినవారికై ఏర్పడిన కాలనీ అది. విశాలమైన ఆవరణము, ముందొక వరండా, లోపల పెద్ద హాలు గల తొలినాటి ఇండ్లు కొన్ని నేటికిని నిలిచియున్నవి. పెక్కు ఇండ్లు పడగొట్టబడి వాటి చోట అంతస్తుల మేడలు లేచినవి. ఇల్లు పడగొట్టుటకు ముందు సామాను బయటికి తెత్తురు గదా. అట్టి వేళ హాలు మూలనుండి నలుగురు కలిసి మోయవలసిన పొడవైన చెక్కపెట్టె యొకటి వెలుపలికి వచ్చుట కలదు. మూత ఎత్తినచో ఒకవైపు రికార్డులు తిరుగు పళ్లెము, మరియొకవైపు రేడియో. ముందరి గుడ్డ వెనుక, రెండు కొనలయందును, స్పీకర్లు. దానిని రేడియోగ్రాము అనిరి. 1958 మొదలు పాశ్చాత్య దేశములలో స్టీరియో రికార్డులు అమ్మకమునకు వచ్చిన పిమ్మట, ఇట్టి పెట్టెలు రెండు స్పీకర్లకు రెండు వేర్వేరు ధ్వనులు పంపునవిగా తయారైనవి.

అట్టిది మీ మామగారిదో తండ్రిగారిదో మీ వంతునకు వచ్చినదనుకొనుడు. దానిమీద ఒకనాడు వివిధభారతి పాటలు మ్రోగినవి. 1970 మొదలు 2003 వరకు సీషెల్స్ దీవులనుండి షార్ట్‌వేవుపై సాగిన ఫీబా వారి సువార్త ప్రసారములును వినబడియుండవచ్చును. ఇప్పుడది ముప్పది ఏండ్లుగా మూగది. దానిపై పెండ్లి ఫొటోలు, పూలకుండీ నిలిచియున్నవి. మీరు దానిని ఏమి చేయుదురు?

ఇందులో ధర్మసందేహమేమున్నదని మీరు నవ్వవచ్చును. ఒక పాత పెట్టెపై డబ్బు పోయుట కంటె బీదవానికిచ్చుట మేలు కాదా యని కొందరడుగుదురు. ఆ ప్రశ్న సరియైనదే. పిల్లవాని బడి ఫీజు ఆపి వాల్వులు కొనవలసివచ్చిన యెడల పెట్టెను మూసియుంచుడి. దానికి పాపము లేదు. అయితే బాగుచేయ నిశ్చయించుకొనిన తరువాత పుట్టు ప్రశ్న వేరు. ఎట్లు బాగుచేసిన అది సత్యమైన బాగుచేత యగును?

మొదటి శోధన, తెచ్చిన దినముననే గోడకున్న ప్లగ్గులో తీగ గ్రుచ్చి చూచుట. పని తెలిసినవాడు ఆ పని చేయడు. లోపల సన్నని డబ్బీలవంటి ఎలెక్ట్రోలైటిక్ కండెన్సర్లు కలవు. వాటిలో అల్యూమినియపు రేకు మీద కంటికానని ఆక్సైడు పొర యుండును; విద్యుత్తును అడ్డగించునది ఆ పొరయే. పెట్టె వాడుకలో నున్నంతకాలము ఆ పొర నిలుచును. ఏండ్ల తరబడి ఊరకయున్నచో అది చెడిపోవును. అప్పుడు ఒక్కసారిగా పూర్తి కరెంటు విడిచిన యెడల కండెన్సరు వేడెక్కి, ఉబ్బి, పగులుటయు కలదు. కనుక అనుభవజ్ఞుడు మొదట సీరీసుగా ఒక బల్బు కట్టి చూచును. లోపల ఎక్కడనైనను షార్టు ఉన్నచో బల్బు నిండుగా వెలిగి హెచ్చరించును, పెట్టె మాత్రము కాలదు. వేరియాక్ అను పరికరముతో వోల్టేజిని కొంచెము కొంచెముగా పెంచుట మరియొక పద్ధతి. లోపలి తడి పూర్తిగా ఆరిపోని కండెన్సరైతే, ఆ స్వల్పమైన విద్యుత్తు వలననే పొర మరల ఏర్పడును. ఆరిపోయినదానిని మార్చవలసినదే.

చదువరీ, ఇది వ్రాయుచుండగా నాకు మన సంఘములు జ్ఞాపకమునకు వచ్చుచున్నవి. త్రాగుడు మానిన సహోదరుడొకడు ఆరాధనకు తిరిగివచ్చును. నెల తిరుగకమునుపే అతనికి తెల్లచొక్కా తొడిగి, కన్వెన్షను వేదికపై నిలిపి, వేలమంది యెదుట సాక్ష్యము చెప్పింతుము. ఆరు నెలల తరువాత అతడు పడిపోయినచో, అతని విశ్వాసము నిజమైనది కాదందుము. నిజమైనదో కాదో దేవునికి తెలియును. అతనిమీద ఎంత భారము పెట్టితిమో మనకు తెలియదా? క్రొత్తగా చేరినవానిని అధ్యక్షుని చేయరాదని పౌలు తిమోతికి హెచ్చరిక వ్రాసెను. కాని మన కన్వెన్షను కమిటీలకు ఆ మాట అంతగా రుచింపదు.

ఇక పెట్టె మ్రోగినదనుకొందము. పాటతోపాటు తుమ్మెద రొదవంటి ఒక శబ్దము వచ్చును. మన కరెంటు సెకనుకు 50 మారులు ఊగునది. దానిని వాల్వులకు తగినట్లు నిలకడగా చేయు కండెన్సరు క్షీణించినప్పుడు, ఆ ఊగుట ధ్వనిలోనికి చొరబడి సెకనుకు 100 కంపనల రొదగా వినబడును. అది ఒక్కనాడు వచ్చినది కాదు. ఏటేట కొంచెముగా హెచ్చెను. ఇంటివారికి అది అలవాటై వినబడుట మానినది. చుట్టమెవరైనను వచ్చి, ఆ గుంయిమనునదేమని అడిగినప్పుడు, ఏమియు లేదే యందురు. వారు అబద్ధమాడుట లేదు. వారికి నిజముగానే వినబడదు.

స్టీరియోలో ఇట్టిదే మరియొకటి కలదు. రికార్డు గాడికి రెండు గోడలు. ఒక్కొక్క గోడ ఒక్కొక్క స్పీకరునకు ధ్వని నిచ్చును. ఒకవైపు వాల్వు చచ్చినను పాట ఆగదు. రెండవ వైపునుండి వచ్చుచునే యుండును, వినువాడు పాట అంతయు వచ్చుచున్నదనుకొనును. స్పీకరు గుడ్డకు చెవి ఆనించి ఒక్కొక్కటిగా వినినగాని తెలియదు.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది, కప్లింగ్ కండెన్సరు అను చిటికెనవ్రేలంత వస్తువు. ధ్వనిని మొదట పెంచు వాల్వునకును, స్పీకరును నడుపు పెద్ద వాల్వునకును నడుమ అది కాపలాగా నిలుచును. ధ్వనిని దాటనిచ్చి, వెనుకనున్న 100 వోల్టులకు పైబడిన విద్యుత్తును దాటనీయకుండుట దాని పని. పాత కాలములో దానిని కాగితముతో చుట్టి మైనముతో మూసిరి. కాగితమునకు చెమ్మ పట్టును. అప్పుడది విద్యుత్తును చుక్కలుగా కార్చును. మూడు నాలుగు వోల్టులు కారినను చాలును, పెద్ద వాల్వు తన హద్దు మీరి కరెంటు త్రాగుట మొదలిడును. పాట అప్పటికిని మ్రోగుచునే యుండును. కొంచెము గీరగా, అంతే. వాల్వు ఎర్రబారును. చివరకు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులోని వెంట్రుకవంటి తీగ కాలిపోవును. కండెన్సరు వెల కొద్ది రూపాయలు. ట్రాన్స్‌ఫార్మరు బజారున దొరకదు, చుట్టించుకొనవలసినదే. కాలినదానిని చూచి ట్రాన్స్‌ఫార్మరు చెడినదని దానిని మాత్రము మార్చువాడు, మరల దానిని కాల్చుటకే మార్చుచున్నాడు. కార్చినది ఎక్కడనో నిశ్శబ్దముగా కూర్చుండియున్నది. దానికి పైకి ఒక మచ్చయైనను లేదు.

ఇట్టి పనికి సికింద్రాబాదు పరాయి చోటు కాదు. సైన్యపు యంత్రములను బాగుచేయుటకే 1943లో ఏర్పడిన ఈ.ఎం.ఈ. దళము వారి కళాశాల తిరుమలగిరిలో నున్నది. సైనిక్‌పురి ప్రక్కనే, 1967లో డాక్టరు ఎ.ఎస్. రావుగారి నాయకత్వమున స్థాపింపబడిన ఈసీఐఎల్ కలదు. ఆయన పేరనే ప్రక్క కాలనీ వెలసినది. విడిభాగములకై కోఠిలోని గుజరాతీ గల్లీకి పోవువారు నేటికిని కలరు. చేతులును వస్తువులును దొరకును. దొరకవలసినది మనస్సాక్షి.

ఏలయనగా ఇప్పుడు ముందు రెండు మార్గములున్నవి. లోపలి వాల్వులు, తీగలు అన్నియు పెరికి పారవైచి, అరచేతిలో పట్టు బ్లూటూత్ పలక యొకటి బిగించి, చెక్కకు పాలిష్ కొట్టుట మొదటిది. పని ఒక్క దినములో ముగియును. మీ ఫోనులోని పాట ఆ పెట్టెనుండి వచ్చును. దీనిని నేను పాపమనను. లోపలిది బాగుచేయ వీలులేనంతగా తుప్పు పట్టినచో, చెక్కనైనను కాపాడుట మంచిదే. కాని చూడవచ్చినవారితో ఇది తండ్రిగారి రేడియోగ్రాము, ఇప్పటికిని మ్రోగుచున్నది అని చెప్పినచో, ఆ మాట నిజము కాదు. మ్రోగుచున్నది వేరొకటి. సున్నము కొట్టిన సమాధుల గూర్చి ప్రభువు పరిసయ్యులతో పలికిన మాటలు మనకు తెలియును. ఆయన సున్నమును తప్పుపట్టలేదు, లోపలిదానిని గూర్చి అది చెప్పు అబద్ధమును తప్పుపట్టెను.

రెండవది భాగము వెంబడి భాగము పరీక్షించి, చెడినదానినే మార్చుట. ఇందులోను ఒక చిక్కు కలదు, అది నాకు మొదటిదానికంటె కఠినముగా తోచుచున్నది. నిపుణులు కొందరు పాత మైనపు కండెన్సరును వేడిచేసి, దాని కడుపులోని కాగితమును తీసివైచి, క్రొత్త కండెన్సరును లోపల పెట్టి, మరల మైనముతో మూయుదురు. వెనుక పలక విప్పి చూచినవానికి అంతయు నాటిదే వలె కనబడును. ఇది భక్తియా, మోసమా?

కొందరు దీనిని వట్టి మోసమందురు. నేను ఒప్పుకొనను. చేసినవాడును, చేయించుకొనినవాడును ఎరిగి చేసినప్పుడు, అది నాటి పనివాని కూర్పును గౌరవించుటయే. కాని అదే పెట్టె రేపు చేతులు మారును. భర్త పోయిన స్త్రీ యొకతె ఇల్లు ఖాళీ చేయుచు దానిని అమ్మును. కొనువాడు, ఏ భాగమును మార్చని అసలైన పెట్టె యని నమ్మి హెచ్చు వెల ఇచ్చును. ఆమె అబద్ధమాడలేదు, ఆమెకు తెలియదు. బాగుచేసినవాడును అబద్ధమాడలేదు, అతడు అక్కడ లేడు. అయినను ఒక అబద్ధము జరిగినది. దానిని మాటలాడినది ఆ మైనము. దీనికి తిరుగు జరుగునదియు కలదు: మార్చని భాగమునకు బిల్లు వ్రాయు రిపేరుదారు. వెనుక పలక విప్పి చూచు అలవాటు లేని యజమాని ఉన్నంతకాలము ఆ బిల్లు చెల్లును.

రాజులు రెండవ గ్రంథము 12వ అధ్యాయమును మీరు మరల చదువవలెనని కోరుచున్నాను. యెరూషలేము మందిరము బీటలు వారెను. బాగుచేయుడని యోవాషు రాజు యాజకులకు సెలవిచ్చెను. అతని యేలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వచ్చినను బీటలు బీటలుగానే యుండెను. డబ్బు మాత్రము వచ్చుచునే యుండెను. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, దాని మూతకు రంధ్రము చేసి, బలిపీఠము ప్రక్కను ఉంచెను. అందు పడిన డబ్బు వెండి గిన్నెలకును బూరలకును పోలేదు. వడ్రంగులకు, తాపీవారికి, రాళ్లకు, మ్రానులకు పోయెను. ఆ పనివారిని ఎవరును లెక్క అడుగలేదట, వారు నమ్మకస్థులు గనుక. వారి పేర్లు గ్రంథములో లేవు. యాజకులను లెక్క అడుగవలసివచ్చిన చోట, సుత్తి పట్టినవారిని అడుగ నవసరము లేకపోయెను. మనము ఈ అధ్యాయమును ఎక్కువగా కానుకల దినమున చదువుచుందుము, పెట్టెకు రంధ్రమున్నది గనుక కాబోలును.

దావీదు తన పాపము బయటపడిన పిమ్మట వ్రాసిన 51వ కీర్తనలో, తన పైరూపమును చక్కపరచుమని వేడుకొనలేదు. లోపల క్రొత్తదానిని కలుగజేయుమని వేడుకొనెను. అట్లు వేడుకొనినవాడు మార్పును దాచలేదు. ఆ కీర్తనను ప్రధాన గాయకుని చేతికిచ్చెను, సమాజమంతయు పాడునట్లు. ఏది చెడెనో, ఎవడు బాగుచేసెనో, ఆ వివరము పాటతోపాటు నిలిచిపోయెను.

పని ముగిసి పలక బిగించుటకు ముందు, మంచి పనివాడు ఒక చీటీ వ్రాసి పెట్టె లోపలి చెక్కకు అతికించును. తేదీ, మార్చిన కండెన్సర్ల లెక్క, మైనములో దాచినవి ఏవి, ముట్టని వాల్వులు ఏవి, పళ్లెమును త్రిప్పు రబ్బరు చక్రము గట్టిపడియున్నది గాని క్రొత్తది దొరకలేదు అను సంగతి. తీసివైచిన పాత భాగములను చిన్న గుడ్డసంచిలో కట్టి అడుగున ఉంచును. మీ పెట్టెను బాగుచేయువానిని ఆ చీటీ వ్రాసిపెట్టుమని అడుగుడి. అతడు విసుగుకొనినచో, కాగితమును కలమును మీరే తెచ్చి ప్రక్కను కూర్చుండి, అతడు చెప్పినట్లు వ్రాయుడి.