హాస్టల్లో వేసిన బిడ్డ మాట: దిద్దుబాటు ఆవాసాల్లో మతం, వ్యాపారం – ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

పిల్లలను బడిలో చేరుస్తాం, హాస్టల్లో వేస్తాం. తెలుగు వాడుకలో ఈ రెండు క్రియల మధ్య ఉన్న తేడా గమనించదగినది. 'వేయడం' జైలుకూ వర్తిస్తుంది, బ్యాంకుకూ వర్తిస్తుంది. జైల్లో వేసినవాడు శిక్ష అనుభవిస్తాడు. బ్యాంకులో వేసిన సొమ్ము వడ్డీతో తిరిగి వస్తుంది. 'వీడు మాట వినడం లేదు, హాస్టల్లో వేయాలి' అని తల్లిదండ్రులు అన్నప్పుడు ఈ రెండు అర్థాలూ ఆ మాటలో కలిసే ఉంటాయి. బిడ్డకు కొంత శిక్ష, కుటుంబానికి కొంత ఆశ.

ఈ మాటకు సామాజిక నేపథ్యం ఏమిటో ఆత్మకూరు వంటి చోట స్పష్టంగా కనిపిస్తుంది. ఒకనాటి సంస్థాన కేంద్రం, నేటి వనపర్తి జిల్లాలోని పట్టణం, జూరాల జలాశయానికి సమీపంలో ఉన్నది. కృష్ణ పక్కనే పారుతున్నా ఈ ప్రాంతం పేరు చెప్పగానే దశాబ్దాలుగా గుర్తుకు వచ్చేది పాలమూరు వలస. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని దూరదేశాల కట్టడాలకూ, బొంబాయి, పూనా నగరాలకూ పోయిన కుటుంబాలకు ఎదిగే బిడ్డ విషయంలో మూడే దారులు ఉండేవి. వెంట తీసుకుపోయి పనిలో పెట్టడం, ఊళ్లో ముసలివాళ్ల దగ్గర వదలడం, హాస్టల్లో వేయడం. రెండో దారిలో పెరిగిన పిల్లవాడు బడి మానినా, చెడు సావాసం పట్టినా మళ్లీ మూడో దారే మిగులుతుంది. పేదరికం ఇరుకున పెట్టిన ఈ ఎంపికను తప్పుపట్టే హక్కు బయటివారికి లేదు. కాని ఆ బిడ్డను తీసుకొనే సంస్థను ప్రశ్నించే బాధ్యత అందరికీ ఉన్నది.

కౌమారంలో ఉన్న వ్యక్తిని కుటుంబానికి దూరంగా, రాత్రింబవళ్లు తన అధీనంలో ఉంచుకొని, నడవడి మార్చడానికి పూనుకొనే సంస్థను ఈ వ్యాసంలో 'దిద్దుబాటు ఆవాసం' అంటున్నాను. అటువంటి ఆవాసాలను ఎక్కువగా నడిపినవి, నడిపించినవి రెండు శక్తులు: మతం, వ్యాపారం. వీటి ప్రమేయాన్ని ఏ ప్రమాణంతో మంచిదనో చెడ్డదనో నిర్ణయించాలన్నది ఇక్కడి ప్రశ్న.

చండామర్కుల బడి

తెలుగు పాఠకుడి మనసులో దిద్దుబాటు ఆవాసానికి తొలి నమూనా ప్రహ్లాదుని కథలోనే ఉన్నది. తండ్రి ఇష్టానికి విరుద్ధమైన బుద్ధి గల కొడుకును చండామర్కుల ఇంట ఉంచి చదివిస్తారు. ఫలితం రాకపోతే మళ్లీ అక్కడికే పంపి ధర్మార్థకామాలు బోధింపజేస్తారు. రాజు ఆగ్రహించినప్పుడు గురువులు ఇచ్చిన సమాధానం మన ప్రశ్నకు కీలకమైనది. ఈ బుద్ధి మేము నేర్పినది కాదు, మరొకరు నేర్పినదీ కాదు, వాడికి పుట్టుకతో వచ్చినదని వారు చెప్పుకుంటారు. అంటే సంస్థ విఫలమైనప్పుడు లోపం సంస్థది కాకుండా బిడ్డ స్వభావానిదైంది. బిడ్డ చెప్పిన మాట ఒక అభిప్రాయంగా కాక, ఒక వికారానికి గుర్తుగా మారిపోయింది.

ఈ ఘట్టాన్ని చదివే భక్తుడు సహజంగానే ప్రహ్లాదుని పక్షాన నిలుస్తాడు. ఆ పక్షపాతానికి కారణం బిడ్డకు కాదనే హక్కు ఉందన్న నమ్మకమా, లేక బిడ్డ చెప్పిన మాట మనకు ఇష్టమైనది కావడమా? మనం పవిత్రమనుకొనే దానినే ఒక పిల్లవాడు కాదంటే, అప్పుడు కూడా అతని మాటను మాటగా వింటామా? ఈ రెండో ప్రశ్నకు అవునని చెప్పగలిగితేనే మొదటి సానుభూతికి నైతిక విలువ ఉంటుంది.

స్టువర్టుపురం: మతం, కర్మాగారం, హాజరు పట్టీ

మతమూ వ్యాపారమూ కలిసి నడిపించిన దిద్దుబాటుకు తెలుగు నేల మీద స్పష్టమైన చారిత్రక ఉదాహరణ బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు రాజధానికి విస్తరించింది. ఆ తరువాత రెండు మూడేళ్లలోనే ఎరుకల కుటుంబాల కోసం ఈ సెటిల్‌మెంటు ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి అయిన హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. భారతదేశంలో ఆ సంస్థకు నాయకుడైన ఫ్రెడరిక్ బూత్-టక్కర్ నేరాన్ని చికిత్సతో నయం చేయదగిన జబ్బుగా భావించి రచన చేశాడు.

ఈ ఏర్పాటులో ప్రభుత్వానికి నిఘా ఖర్చు తగ్గింది. మత సంస్థకు మారిన మనుషులు సాక్ష్యంగా దొరికారు. మూడో లబ్ధిదారు వ్యాపారం. చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కర్మాగారంలో సెటిల్‌మెంటువారు కూలీలుగా పనిచేశారు. పని సంస్కారం నేర్పుతుందన్న బోధ, తక్కువ కూలికి కదలకుండా పనిచేసే మనుషులు కావాలన్న అవసరం ఇక్కడ ఒక్కటయ్యాయి. ఈ బంధాన్ని మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో వివరంగా చర్చించారు.

చట్టం పిల్లలను ప్రత్యేకంగా పట్టించుకున్నది. నేరస్థ తెగలుగా ప్రకటించినవారి పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యావసాయిక, దిద్దుబాటు పాఠశాలల్లో ఉంచే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ పిల్లలు చేసిన నేరమేమీ లేదు. పుట్టిన ఇల్లే అభియోగం. అనుమతి లేకుండా సెటిల్‌మెంటు దాటిపోవడం శిక్షార్హం. పారిపోవడానికి కారణం ఆకలి కావచ్చు, అమ్మ మీద బెంగ కావచ్చు, పనిలో అలసట కావచ్చు. హాజరు పట్టీలో అది ఒకే రకంగా నమోదవుతుంది: నేర స్వభావం ఇంకా పోలేదని. చండామర్కుల సమాధానమే ఇక్కడ చట్టభాషలో మళ్లీ వినిపిస్తుంది.

ఈ చరిత్ర కోస్తాకే పరిమితం కాదు. నిజాం రాజ్యంలోనూ ఇదే తరహా చట్టం లంబాడాలు తదితర సంచార సమూహాల మీద అమలైంది. పాలమూరు తండాల్లోని పెద్దలకు ఆ ముద్ర బరువు తెలియనిది కాదు. 1952లో దేశవ్యాప్తంగా చట్టం రద్దయినా, పుట్టుకను బట్టి బిడ్డ నడవడిని ఊహించే అలవాటు రద్దు కాలేదు.

ఫిర్యాదే లక్షణమైన చోట

ఈ తర్కం వలస పాలనతో ముగిసిపోయిందనుకోవడానికి లేదు. అమెరికాలో 'మాట వినని' కౌమారుల కోసం ప్రైవేటు ఆవాసాలు ఒక పరిశ్రమగా పెరిగాయి. 1976లో ఫ్లోరిడాలో మొదలైన 'స్ట్రెయిట్' అనే మాదకద్రవ్య చికిత్సా సంస్థలో, తనకు వ్యసనం లేదని చెప్పిన పిల్లవాడి మాటనే వ్యసనాన్ని ఒప్పుకోని మొండితనంగా లెక్కించేవారు. అనేక వ్యాజ్యాల తరువాత 1993లో అది మూతపడింది. టెక్సాస్‌లో లెస్టర్ రోలాఫ్ అనే మతబోధకుడు తన ఆవాసాలకు ప్రభుత్వ లైసెన్సు తీసుకోవడానికి మతస్వేచ్ఛ పేరుతో నిరాకరించాడు. మొదటిది తల్లిదండ్రుల భయాన్ని ఆసరా చేసుకుంది. రెండోది విశ్వాసాన్ని అడ్డుగోడగా పెట్టింది. దారులు వేరైనా రెండూ బయటివారి చెవి బిడ్డకు అందకుండా చేశాయి.

మన రాష్ట్రాల్లో వ్యాపారపు దిద్దుబాటు మరో రూపం తీసుకుంది. కార్పొరేట్ జూనియర్ కళాశాలల ఆవాసాలు పేరుకు చదువు కోసమే అయినా, 'క్రమశిక్షణ' అనేది వాటి ప్రచారంలో ర్యాంకుతో సమానంగా అమ్ముడుపోయే సరుకు. ఇంట్లో అదుపు తప్పుతున్నాడని భయపడిన తల్లిదండ్రులకు అవి ఒక భరోసా ఇస్తాయి. ఆ గోడల లోపలి ఒత్తిడి, విద్యార్థుల ఆత్మహత్యలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటికే నీరదారెడ్డి కమిటీ పరిశీలనకు వచ్చాయి. దాదాపు పాతికేళ్ల తరువాత, విశాఖపట్నంలో వైద్య ప్రవేశపరీక్షకు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశవ్యాప్తంగా విద్యాసంస్థలు పాటించవలసిన మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించిన విద్యార్థులున్న చోట మానసిక సలహాదారు ఉండాలని, మార్కులను బట్టి బ్యాచులుగా విడదీయరాదని వాటిలో ఉన్నది. ఇన్నేళ్ల తరువాత కూడా ఇంత ప్రాథమికమైన విషయాలను న్యాయస్థానం చెప్పవలసి రావడం ఆలోచించవలసిన సంగతి.

స్టువర్టుపురమూ, కార్పొరేట్ హాస్టలూ, అమెరికా ఆవాసాలూ ఒకటే అనడం చరిత్రకు అన్యాయం. ఒకచోట ప్రభుత్వ బలవంతం, మరొకచోట తల్లిదండ్రుల ఆశ, ఇంకొకచోట మార్కెట్టు. వాటిని కలిపి చూడవలసింది ఒక్క అంశంలోనే. బిడ్డ 'నాకు ఇక్కడ బాగాలేదు' అన్నప్పుడు ఆ మాటను ఎవరు తూకం వేస్తున్నారు? మత సంస్థలో అది లొంగని మనసుకు గుర్తు. వ్యాపార సంస్థలో అది చదువు ఎగ్గొట్టే సాకు. రెండు చోట్లా తీర్పరి, ఫలితంలో వాటా ఉన్నవాడే. ఫిర్యాదు చేసినకొద్దీ ఫిర్యాదుదారు మరింత దిద్దదగినవాడుగా కనబడతాడు. ఈ వలయంలో చిక్కుకున్న బిడ్డకు మౌనం తప్ప మంచి నడవడికి మరో రుజువు మిగలదు.

ప్రత్యాక్షేపాలు

ఈ వాదానికి మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: మతం, దాతృత్వం, ప్రైవేటు పెట్టుబడి లేకపోతే ఈ పిల్లలకు కూడూ గూడూ చదువూ ఎవరు ఇచ్చారు? ఇది బలమైన అభ్యంతరం. సెటిల్‌మెంటులోనూ బడి ఉన్నది, వైద్యం ఉన్నది. మఠాలు, మిషన్లు, ట్రస్టులు అన్నం పెట్టి చదివించినవారు మన మధ్య ఎందరో ఉన్నారు. అయితే అన్నం పెట్టినవారికి కృతజ్ఞత చెల్లుతుంది. బిడ్డ అంతరాత్మ మీద హక్కు చెల్లదు. మేలు చేసినందుకు బదులుగా మాటను తీసుకుంటే అది దానం కాదు, వినిమయం.

రెండోది: తల్లిదండ్రులు సమ్మతించారు కదా? సమ్మతి అవసరమే, కాని చాలదు. అడ్వాన్సు తీసుకొని వలసకు బయలుదేరిన తండ్రి సమ్మతి స్వేచ్ఛతో ఇచ్చినది ఎంత, గత్యంతరం లేక ఇచ్చినది ఎంత? పైగా ఒకరి తరఫున ఇచ్చిన సమ్మతి ప్రవేశానికి వర్తిస్తుందేమో గాని, ఆ తరువాత ప్రతిరోజూ జరిగేదానికి ముందస్తు ఆమోదం కాజాలదు.

మూడోది: బాగుపడిన పిల్లలు ఉన్నారు కదా? ఉన్నారు. కాని 'బాగుపడటం' అంటే ఏమిటో నిర్వచించినది ఎవరు? ప్రార్థనలో కూర్చోవడం, ర్యాంకు తేవడం, కర్మాగారానికి క్రమం తప్పక పోవడం – ఈ కొలబద్దలన్నీ సంస్థ ప్రయోజనం నుంచి పుట్టినవే. తాను నిర్వచించిన ఫలితాన్ని తానే రుజువుగా చూపడం న్యాయం అనిపించుకోదు.

ప్రభుత్వం నడిపితే సమస్య తీరుతుందన్న ఊహ కూడా నిలవదు. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల విద్య మతానికీ లాభానికీ చెందని మార్గం చూపింది. ఎందరో పేదపిల్లలకు జీవితం ఇచ్చింది. అయినా 'గురుకులం', 'ఆశ్రమ పాఠశాల' అన్న పేర్లను ప్రభుత్వం కూడా విధేయతే విద్యకు పునాది అనుకొన్న సంప్రదాయం నుంచే తెచ్చుకుంది. పేరుతో పాటు ఆ విధేయతా భావం ఎంత వచ్చిందో ప్రతి వసతి గృహమూ తన్ను తాను ప్రశ్నించుకోవాలి.

చట్టం ఎవరి మాట వింటుంది?

రాజ్యాంగం 28వ అధికరణం మూడో ఖండం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే విద్యాసంస్థలో ఎవరినీ వారి సమ్మతి లేకుండా మతబోధలో పాల్గొనమని నిర్బంధించరాదు. మైనరు విషయంలో ఆ సమ్మతి సంరక్షకునిది. అంటే పదిహేడేళ్ల యువకుని అంతరాత్మకు తాళం ఇప్పటికీ మరొకరి చేతిలో ఉన్నది. భారతదేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక ఒక మెట్టు ముందుకు వేసింది. ఎదుగుతున్న సామర్థ్యాన్ని బట్టి బిడ్డ మాటకు విలువ ఇవ్వాలని, సంరక్షణ కోసం ఒకచోట ఉంచిన బిడ్డ పరిస్థితిని ఎప్పటికప్పుడు సమీక్షించాలని చెప్పింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం బాలల సంరక్షణ సంస్థలకు నమోదు తప్పనిసరి చేసింది, తనిఖీ సంఘాలను ఏర్పరచింది. సంస్థలో పిల్లల సంఘాలు ఉండాలన్నది. మతసంస్థ నడిపినా, ట్రస్టు నడిపినా మినహాయింపు లేదు. ఈ ఏర్పాట్లన్నిటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే: బిడ్డ మాట, ఆ బిడ్డ వల్ల లాభం పొందని వ్యక్తి చెవిన పడాలి.

ముగింపు

అక్షరాలు దిద్దించే గురువు చేయి పిల్లవాడి చేతిమీద ఉంటుంది. కాని ఆ దిద్దించడం వల్ల చివరకు జరగవలసింది ఆ చేయి తొలగడం. తరువాత పిల్లవాడు ఏమి రాస్తాడో గురువు నిర్ణయించలేడు. నిర్ణయించగలిగితే అది విద్య కాదు, నకలు. దిద్దుబాటుకు నైతిక ప్రమాణం కూడా ఇందులోనే ఉన్నది. మతం నడిపినదా, వ్యాపారం నడిపినదా, ప్రభుత్వం నడిపినదా అన్నది తరువాతి ప్రశ్న. లోపల ఉన్న బిడ్డ 'కాదు' అన్నప్పుడు, ఆ మాటను జబ్బుగా కాక మాటగా వినే చెవి గోడ బయట ఉన్నదా, ఆ చెవికి బిడ్డ గొంతు చేరుతుందా అన్నదే మొదటి ప్రశ్న.

ఆత్మకూరు నుంచి వలసకు బయలుదేరే తల్లి చేయగలిగింది బిడ్డను ఒక చోట అప్పగించడమే. అప్పగించుకున్న సంస్థ ఆమెకు చూపవలసింది ప్రార్థనామందిరాన్నో, ర్యాంకుల పట్టికనో కాదు. సంస్థతో లాభనష్టాలు లేని ఒక మనిషి పేరు చెప్పి, మీ బిడ్డ ఎప్పుడైనా ఈయనతో ఒంటరిగా మాట్లాడవచ్చునని హామీ ఇవ్వగలగాలి. ఆ హామీ ఇవ్వలేని ఆవాసం ఎంత మంచి ఉద్దేశంతో నడిచినా, దానిలో జరిగేదాన్ని దిద్దుబాటు అనలేం.