నాన్న పేరు మీది కారు

కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా ఇంటి పెద్ద పోయాక, దినాలు గడిచేదాకా చాలా ఇళ్లలో కారు తాళంచెవి ఎవరూ ముట్టరు. తర్వాత అవసరం కొద్దీ నడుపుతారు. కాగితాల్లో మాత్రం నాన్న పేరే. ఆ పేరు మార్పించాలంటే ఆయన్ని మరోసారి పోగొట్టుకుంటున్నట్టు ఉంటుంది. ఆ బాధ నిజమైనది.

కానీ 1989 మోటారు వాహన నియమాలిచ్చిన గడువు చిన్నది. మరణం సంగతి 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలపాలి. మూడు నెలల్లోగా పేరు మార్పుకు ఫారం 31 పెట్టాలి. మరణ ధ్రువపత్రం, ఆర్సీ, బీమా కాగితం జతచేయాలి. వారసులెవరో చూపే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఇస్తారు. అందులో అత్తవారింటికెళ్లిన ఆడబిడ్డల పేర్లూ ఉండాలి. వాళ్లనొక మాట అడగకుండా బండి రాయించుకోవడం అన్యాయమే.

బీమా ఇంకా తొందరపెడుతుంది. యజమాని పోయాక పాలసీ సాధారణంగా మూడు నెలలే చెల్లుతుంది. గడువు అంతకుముందే తీరితే అక్కడితో సరి. ఆ తర్వాత ప్రమాదం జరిగితే పరిహారం భారం ఇంటిమీద పడొచ్చు.

2021 నుంచి ఆర్సీలో నామినీ పేరు రాయించవచ్చు. ఇంకా కరీంనగర్ పాత ఏపీ 15 నంబరు బండి నడుపుతున్న పెద్దలారా, మీ చేతులతో మీరే రాయించండి. రేపు అమ్మకు ఆఫీసుల చుట్టూ తిరుగుడు తగ్గుతుంది.