మీది ఏ విచారణ?

కోర్టులో విచారణ అంటే తప్పొప్పులు తేల్చడం. మా కతోలికుల నోట విచారణ అంటే ఒక గుడి, దాని పరిధిలోని ఇళ్లు, ఆ ఇళ్ల మంచిచెడ్డలు చూసే గురువు. పారిష్ అనే మాటకంటే నాకిదే ఇష్టం. పారిష్‌కు మూలమైన గ్రీకు మాట పరోయికియా. పరాయిచోట కాపురముండటం అని దాని అర్థం. పరాయిచోట ఉన్నవాణ్ణి ఎవరో ఒకరు విచారించాలి కదా!

నాది ఫిరంగిపురం. రైల్వే గుమస్తాగా సికింద్రాబాద్ వచ్చిన మొదటి ఆదివారం సెయింట్ మేరీస్ గుడికి వెళ్లాను. ఐర్లండ్ నుంచి వచ్చిన ఫాదర్ డేనియల్ మర్ఫీ కట్టించిన గుడి, 1850లో పూర్తయింది, 2008లో బసిలికా అయింది. తెలుగు పూజ, ఇంగ్లీషు పూజ, తమిళ పూజ. కంటోన్మెంటు ఊరు, అందరూ ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్లే. ఇక్కడే నా పెళ్లయితే, ఆ కబురు ఫిరంగిపురం వెళ్లి, నా జ్ఞానస్నానం రాసిన పుస్తకంలో నా పేరు పక్కన చేరింది. మా తిరుసభ ధర్మశాస్త్రంలో నియమమే అది. పుట్టిన విచారణ మనిషిని వదలదు.

ఈ రోజుల్లో ప్రసంగం బాగుందనీ, బండి పెట్టుకోను చోటుందనీ దూరపు గుళ్లకు వెళ్తున్నారు. నాకు బాధగా ఉంటుంది. 1983 నాటి ధర్మశాస్త్రం ప్రకారం కూడా విచారణ సాధారణంగా ఒక ప్రాంతానిది. ఆ హద్దుల్లో ఎవరుంటే వాళ్లే మనవాళ్లు. ఏరుకోవడం కుదరదు.

మా పై వాటావాడితో నీళ్ల పంపు దగ్గర మాటామాటా పెరిగి రెండేళ్లు పలకరింపుల్లేవు. నా భార్య పోయాక నేను గుడి మానేశాను. మూడో వారం తలుపు కొట్టారు. మా విచారణలోని విన్సెంట్ డి పాల్ సభవాళ్లు. ఇళ్లు చూడటానికి ఇద్దరిద్దరు వెళ్తారు. ఆ ఇద్దరిలో ఒకడు అతనే. ప్రేమ పొంగి రాలేదు, చూడాల్సిన ఇళ్ల చీటీలో నా ఇల్లుంది గనక వచ్చాడు. ప్రేమ కోసం ఆగి ఉంటే వచ్చేవాడా?

"అన్నం తింటున్నావా అన్నా?" అన్నాడు. నేను కుర్చీ వేశాను.

ఇప్పుడు చీటీ నా జేబులో ఉంది. నాలుగిళ్లు. మూడోది ఒకప్పుడు నా దగ్గర అప్పు తీసుకుని ఎగ్గొట్టినవాడిది. ఈమధ్య కాలు విరిగిందట. సాయంత్రం వెళ్లాలి.