"బాగుందా అంకుల్?"

మన భాషలో "బాగుంది" అన్నంత తేలికైన మాట ఇంకొకటి లేదు. పెళ్ళిచూపుల్లో ఉప్మా బాగుంది. పక్కవాళ్ళ కొత్తిల్లు బాగుంది. మిత్రుడి కవితాసంపుటి బాగుంది, అందులోనూ అట్ట మరీ బాగుంది. ఈ "బాగుంది" తీర్పు కాదు, ఆశీర్వచనం. అక్షింతలు వేసినట్టు వేస్తాం. పడ్డవాడెవడూ గింజలు లెక్కపెట్టుకోడు.

అవతలివాళ్ళు నిజంగా లెక్క కోసమే అడిగినప్పుడు వస్తుంది చిక్కు.

ఆక్లండ్‌కి పడమటి కొసన ఉన్న మా హెండర్సన్‌లో మన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళలో తెనాలి వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి డిజైన్ కోర్సు పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటోంది. తను చేసిన పనులన్నీ ఒకచోట పెట్టి పోర్ట్‌ఫోలియో వెబ్‌సైటు ఒకటి తయారుచేసుకుంది. నేను ఇరవయ్యేళ్ళుగా కంప్యూటర్ల మధ్య బతుకుతున్నవాణ్ణి కనక లింకు పంపి, "డిజైన్ ఎలా ఉందో, వాడటానికి వీలుగా ఉందో లేదో ఉన్నదున్నట్టు చెప్పండి అంకుల్, ఏమీ అనుకోను" అంది. అప్పటికి నలభై దరఖాస్తులు పెట్టిందిట. జవాబులు వచ్చింది కొన్నిటికే, కారణం చెప్పింది ఒక్కరూ లేరు. వీసా గడువు నెలల్లోకి దిగింది. అంతకుముందు చూసిన మనవాళ్ళందరూ బాగుందన్నారు. ఇక్కడి తెల్లవాళ్ళు "ఇంట్రెస్టింగ్" అన్నారు. ఈ దేశంలో కొన్నాళ్ళుంటే ఆ మాటకి అర్థం తెలుస్తుంది లెండి.

సైటు తెరవగానే మీగడరంగు నేల మీద లేత బూడిదరంగు చుక్కలముగ్గు. ఒక్కొక్క చుక్క నొక్కితే ఒక్కొక్క ప్రాజెక్టు తెరుచుకుంటుంది. చుక్క మీదికి మౌస్ తీసుకెళితే పేరు కనిపిస్తుంది. పైన తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. నిజంగా అందంగా ఉంది. వాళ్ళమ్మ వేసే ముగ్గుట అది.

ఇలాంటప్పుడు నిజం చెప్పడమెలా అన్నదానికి మనకి భారవి కథ ఒకటుంది. ఊరంతా కొడుకు కవిత్వాన్ని పొగుడుతుంటే తండ్రి మాత్రం "వాడికేం తెలుసు, చిన్నవాడు" అని తీసిపారేసేవాడట. కడుపుమండిన భారవి బండరాయి పట్టుకుని అటకెక్కి కూర్చుంటే, కింద తండ్రి తల్లితో అంటున్నాడు: నేను మెచ్చుకుంటే వాడికి గర్వం పెరుగుతుంది, అది వాడికి మంచిది కాదు, అని. ఈ కథ విని చిన్నప్పుడు అందరం కళ్ళు తుడుచుకున్నవాళ్ళమే. ఆ తండ్రి ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ కథ మొత్తంలో ఎక్కడా ఏ శ్లోకంలో ఏ పాదం కుంటిందో ఆయన చెప్పినట్టు లేదు. ఊరివాళ్ళ పొగడ్తలోనూ ఆ సమాచారం లేదు. పొగిడినవాళ్ళూ తిట్టినవాడూ కలిసి ఆ కుర్రాణ్ణి ఒకే చీకట్లో ఉంచారు.

సరే, మనసులో ఉన్నది దాచకుండా చెప్పేస్తే? అదీ చాలదు. 1977లో నిస్బెట్, విల్సన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం గురించి రాశారు. అచ్చం ఒకేలాంటి నాలుగు జతల నైలాన్ మేజోళ్ళు వరుసగా పెట్టి, ఏది మంచిదో చెప్పమన్నారు. ఎక్కువమంది కుడిచివర ఉన్నదాన్ని ఎంచారు. ఎందుకన్నది అడిగితే, అది చివర్లో ఉండటం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఆ కారణం ఏమైనా పనిచేసిందా అని సూటిగా అడిగినా దాదాపు అందరూ కాదన్నారు. వాళ్ళేమీ అబద్ధమాడలేదు. మనస్ఫూర్తిగా చెప్పినది నిజమై తీరాలని లేదు, అంతే. కాబట్టి నేను ఆ అమ్మాయికి "ఆ రంగు నాకు నచ్చలేదు" అని నిష్కర్షగా చెప్పి, హరిశ్చంద్రుణ్ణయిపోయానని సంబరపడితే, ఆమె చేతిలో పడేది నా అభిరుచి మాత్రమే.

మా వృత్తిలో దీనికో దారి ఉంది. అభిప్రాయం అడగకు, వాడుతుంటే చూడు. వాడేవాణ్ణి మనసులో అనుకుంటున్నది పైకి అంటూ వాడమను. ఐబీఎమ్‌లో క్లేటన్ లూయిస్ 1982లోనే ఈ పద్ధతి గురించి రాశాడు. ఎంతమందిని చూడాలన్నదానికి జేకబ్ నీల్సన్ 2000లో ఒక లెక్క చెప్పాడు: ఒక్కొక్కరూ సుమారు 31 శాతం లోపాలు బయటపెడితే, అయిదుగురితో 85 శాతం దాకా తేలిపోతాయి. ఆ 31 ప్రతిచోటా 31 కాదని తర్వాత చాలామంది పేచీ పెట్టారు. అయినా మాకు దొరికింది ముగ్గురే.

వాళ్ళలో మా పక్కింటి పెద్దావిడ సంగతి చెబుతాను. మా ఇంట్లో టీ తాగుతూ తన ఫోన్‌లోనే సైటు తెరిచింది. ఫోన్‌లో మౌస్ ఉండదు కదా, అంచేత పేర్లు కనిపించవు. ముగ్గుని వేలితో పైకీ కిందికీ జరిపింది. "ఎంత అందంగా ఉందో" అంది. ఇంకోసారి జరిపింది. కళ్ళజోడు సర్దుకుంది. రెండు నిమిషాల తర్వాత "లవ్లీ, డియర్" అంటూ ఫోను బల్ల మీద పెట్టేసింది. ఒక్క ప్రాజెక్టు కూడా తెరవలేదు. అక్కడ తెరవడానికి ఏదో ఉందని ఆవిడకి తెలియనే లేదు. అమ్మాయి నోరు విప్పకూడదని ముందే షరతు పెట్టాను కనక ఎదురుగా చేతులు ముడుచుకుని కూర్చుంది. నలభై దరఖాస్తులకీ జవాబు ఆ రెండు నిమిషాల్లో ఉందని నేననను. కొంత ఉందని ఆ పిల్ల మొహం చూస్తే తెలిసింది.

ఇలాంటి పరీక్షకి ముందు మేం అందరికీ చెప్పే ఊరడింపు వాక్యం ఒకటుంది: మేం పరీక్షిస్తున్నది సైటునే, మనుషుల్ని కాదు. బ్యాంకు సైటుకి అది నిజమే. పోర్ట్‌ఫోలియో అలా కాదు. అక్కడ సరుకూ మనిషే, సంతకమూ మనిషే, పైగా ముగ్గు అమ్మది. అందుకని ఆమెకి ఆ వాక్యం చెప్పలేదు. ఏం జరిగిందో మాత్రం రాసిచ్చాను: ఇక్కడ వేలు ఆగింది, ఇక్కడ కళ్ళు చికిలించారు. ముగ్గు అలాగే ఉంది. చుక్కల కింద పేర్లు ఎప్పుడూ కనబడేలా పెట్టింది. అక్షరాలకీ నేలకీ మధ్య కనీసం 4.5కి 1 తేడా ఉండాలని వెబ్ ప్రమాణాలు 2008 నుంచీ చెబుతున్నాయి. దానికి తగ్గట్టు అక్షరాల రంగు ముదురు చేసింది. ఒక సాయంత్రం పని.

అక్కడితో అయిపోతే బాగుండేది. ముగ్గురిలో ఇంకొకాయన పేరు దగ్గర ఆగిపోయాడు. రెండుసార్లు కూడబలుక్కుని, నవ్వేసి, కిందికి వెళ్ళిపోయాడు. ఉద్యోగార్థుల కోసం పెట్టిన ఓ శిక్షణ తరగతిలోనూ పేరు కుదించుకోమని సలహా ఇచ్చారుట. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను కనక ఇదీ రాయాలి. పైగా సలహా ఉత్తదేమీ కాదు. బెర్‌ట్రాండ్, ముల్లయినాథన్ 2004లో అచ్చువేసిన అధ్యయనంలో, బోస్టన్, షికాగోల్లో సుమారు 5000 కల్పిత దరఖాస్తులు పంపితే, నల్లవాళ్ళ పేర్లకన్నా తెల్లవాళ్ళ పేర్లకి 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. మిగతా అర్హతలన్నీ ఒకటే.

మా వృత్తిలో మూలసూత్రం, వాడేవాడిది ఎప్పుడూ తప్పు కాదు. వాడు తడబడితే దిద్దుకోవలసింది మనం. చుక్కల విషయంలో ఈ సూత్రానికి నేను దణ్ణం పెడతాను. పేరు దగ్గరికొచ్చేసరికి దణ్ణం పెట్టలేకపోయాను. చుక్క నొక్కాలని తెలియకపోవడం ఆవిడ లోపం కాదు, ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నాలుగు అక్షరాలెక్కువున్న పేరు చదవడానికి బద్ధకించడం మాత్రం ఆయన లోపమే. రెండూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి, వేలు ఆగిపోవడంగా. ఏ తడబాటు పేజీదో, ఏది చూసేవాడిదో విడదీసి చెప్పకపోతే, నేను చూసిన నిజమంతా కలిపి ఆ పిల్లని తనకి తనే తప్పుగా చూపిస్తుంది. అందుకని ఆ కాగితం మీద పేరు సంగతి విడిగా రాశాను. ఇది లోపం కాదు, ఇది ఖర్చు, పెట్టాలో వద్దో నీ ఇష్టం అని.

ఆమె పూర్తిపేరే ఉంచుకుంది. పక్కన చిన్న గుర్తు పెట్టింది, నొక్కితే తన గొంతుతో పేరు వినిపిస్తుంది.

మా ఆవిడకి నా కాగితం నచ్చలేదు. కడుపు నిండినవాళ్ళు చేసే విభజన అంది. హెండర్సన్‌లోనే 1902లో లెబనాన్ నుంచి వచ్చిన అసిద్ కోర్బన్ ద్రాక్షతోట వేసి దానికి మౌంట్ లెబనాన్ అని పేరు పెట్టుకున్నాడనీ, ఆ చోటే ఇప్పుడు కోర్బన్ పేరుతో కళాకేంద్రమై ఉందనీ గుర్తుచేశాను.

"ఆయన తోట ఆయనది. ఈ పిల్ల ఇంకొకళ్ళ తోటలో పని అడుగుతోంది" అంది.